బెరడుకీ కలపకీ నడుమ

ఏటా కల్లు గీసిన ఈతచెట్టును దగ్గరగా చూసినవాళ్లకు దాని ఒంటి మీది గాట్లు గుర్తుంటాయి. ఒక ఏడు ఈ పక్క, మరుసటి ఏడు ఆ పక్క చెక్కుతూ పోవడంతో మాను మెలికలు మెలికలుగా కనిపిస్తుంది. ఎన్నో ఏళ్ల కిందటి గాటు ఇవాళ్టికీ పూడకుండా అలాగే ఉంటుంది. కింది నుంచి పైకి లెక్కపెట్టుకుంటూ పోతే ఆ చెట్టును ఎన్నిసార్లు గీశారో చెప్పేయవచ్చు. అదే గట్టు మీద ఒక వేపచెట్టు ఉందనుకోండి. కొమ్మ నరికిన చోట గాయం అంచు వెంబడి ఉబ్బెత్తుగా ఒక పెదవి లేస్తుంది. ఏటికేడు అది లోపలికి జరిగి చివరికి గాయాన్ని మూసేస్తుంది. కంచె కోసం కొట్టిన మేకును, దానికి చుట్టిన ముళ్లతీగను కూడా వేప తనలోకి మింగేస్తుంది. నేల ఒకటే, నీరు ఒకటే. తేడా అంతా వేప బెరడు కింద ఉన్న ఒక పలుచని పొరలో ఉంది. ఈతకు ఆ పొర లేదు.

ఆ పొరే కేంబియం. తెలుగు పాఠ్యపుస్తకాలు దాన్ని నాళికా విభాజ్య కణావళి అంటాయి. ఇంటర్మీడియట్ వృక్షశాస్త్రంలో ద్వితీయ వృద్ధి అనే పాఠం కింద నాలుగు వలయాల బొమ్మలతో ఆ సంగతి ముగిసిపోతుంది. ఆ బొమ్మలు తప్పని అనను. కానీ అంత శుభ్రమైన వలయాలు చూసిన విద్యార్థికి ఇందులో తేలని ప్రశ్న ఒకటుందనే అనుమానమే రాదు. మూడున్నర శతాబ్దాలుగా శాస్త్రజ్ఞులు ఆ ప్రశ్న చుట్టూ తిరుగుతున్నారు. ఇటీవలి ఇరవై ఏళ్లలో జవాబు కొంత చేతికందింది. అందినంతవరకూ చెప్పుకుంటూ, మన చెట్ల దగ్గర అది ఎక్కడ ఆగిపోయిందో కూడా చూడాలి.

ముందు అసలు పని ఏమిటో చూద్దాం. చెట్టు పొడవు పెరిగేది కొనల దగ్గరే, పైన చిగురులో, కింద వేరు చివర. అందుకే రొమ్మెత్తున కొట్టిన మేకు యాభై ఏళ్లకు కూడా రొమ్మెత్తునే ఉంటుంది. లావు పెరగడం వేరే వ్యవహారం. బెరడుకీ కలపకీ నడుమ మాను చుట్టూ తొడుగులా ఉన్న కేంబియం కణాలు విడిపోతూ ఉంటాయి. లోపలి వైపు మిగిలిన పిల్లకణం దారువుగా, అంటే కలపగా మారి నీటిని పైకి మోస్తుంది. వెలుపలి వైపు మిగిలినది పోషక కణజాలమై ఆకులో తయారైన చక్కెరను కిందికి దింపుతుంది. రెండు వైపులా ఇంతింత ఇచ్చాక కూడా కేంబియం కేంబియంగానే మిగలాలి. లోపలికి ఎక్కువ ఇస్తుంది, బయటికి తక్కువ. బయటి పాత కణజాలం నలిగి బెరడులో కలిసిపోతుంది, కలప మాత్రం పేరుకుంటూ పోతుంది.

ఇక్కడే మొదటి చిక్కు ఉంది. లోపల కలప పెరిగిన కొద్దీ మాను చుట్టుకొలత పెరుగుతుంది. కేంబియం ఆ చుట్టుకొలతంతా కప్పుతూనే ఉండాలి, ఎక్కడా చిరగకూడదు. అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు ఇర్వింగ్ బెయిలీ 1920లలో తెల్లపైన్ మానులను కోసి ఈ లెక్క తీశాడు. ఏడాది వయసు కాండం అడ్డుకోతలో కదురు ఆకారపు కేంబియం కణాలు సుమారు 700. అరవై ఏళ్ల మానులో సుమారు 23 వేలు. అంటే లోపలికీ బయటికీ కణాలను ఇస్తూనే, అప్పుడప్పుడు పక్కకు కూడా విడిపోయి తన వరసను తానే పొడిగించుకుంటోంది. ఒక కణం ఎప్పుడు లోపలికీ బయటికీ విడిపోవాలి, ఎప్పుడు పక్కకు విడిపోవాలి అన్నదాన్ని మాను మొత్తంలో సరిచూసే కేంద్రమేదీ లేదు. అయినా ఆ తొడుగు వందల ఏళ్లు చెక్కుచెదరదు. జీవశాస్త్రంలో నన్ను ఇంతగా నిలబెట్టేసిన విషయాలు తక్కువ.

కేంబియం అనే మాటకు మొదట అర్థం పొర కాదు. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో నెహెమయా గ్రూ, ఇటలీలో మార్చెల్లో మాల్పీగి కాండాలను కోసి సూక్ష్మదర్శిని కింద పరిశీలించారు. గ్రూ కేంబియం అన్నది ఒక పోషక రసాన్ని. బెరడు కింద తడిగా, జిగురుగా తగిలే ఆ పదార్థమే గట్టిపడి కలప అవుతుందని ఆనాటి నమ్మకం. వసంతంలో బెరడు లాగితే జారుగా ఊడివచ్చేది చూసినవాళ్లు అలా అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. 18వ శతాబ్దం నడుమ ఫ్రాన్స్‌లో దుహమెల్ దు మోన్సో ఊహను వదిలి పరీక్షకు దిగాడు. బెరడుకీ కలపకీ మధ్య లోహాన్ని దూర్చి, ఏళ్ల తరవాత కోసి చూశాడు. లోహం కలప లోపల దొరికింది, కొత్త కలప దాని బయట పేరుకుంది. 1758లో అచ్చయిన అతని పుస్తకం తరవాత, కలప పుట్టేచోటు గురించి మాట్లాడేవాళ్లు ఆ చోటును చూపించాల్సి వచ్చింది. ఇది జరిగిన వందేళ్లకు కార్ల్ నేగెలీ విభాజ్య కణజాలం అనే భావనకు, దారువు, పోషక కణజాలం అన్న విభజనకు స్పష్టమైన పేర్లు పెట్టాడు.

1873లో కార్ల్ సానియో స్కాట్స్ పైన్ మీద చేసిన పరిశీలనతో అసలు తగువు మొదలైంది. బయటి నుంచి లోపలికి సాగే కణాల ప్రతి వరసలో మూలకణం ఒక్కటే ఉంటుందని, అదే రెండు వైపులా పిల్లలను ఇస్తుందని సానియో అన్నాడు. కాదు, విడిపోయే కణాలు అనేక వరసల్లో ఉన్నాయి, మొత్తం మండలాన్నే కేంబియం అనాలి అన్నవాళ్లు తరవాత చాలామంది. ఇది మాటల తగువు అనిపించవచ్చు. కానీ చెట్టు ఆయుష్షంతా నిలిచే కణం ఒక్కటా, అనేకమా అన్నది తేలకపోతే, దాన్ని నిలిపి ఉంచేదేమిటో వెతకడానికి దారి ఉండదు. సూక్ష్మదర్శినిలో మూలకణమూ, దాని పక్కనున్న పిల్లకణమూ ఒకేలా కనిపిస్తాయి. ఎంత నాణ్యమైన కటకం పెట్టినా లాభం లేదు. ఏది తల్లో చెప్పాలంటే దాని సంతతిని వెంటాడాలి.

ఆ పని చేయడానికి దాదాపు నూటయాభై ఏళ్లు పట్టింది. 2018, 2019 సంవత్సరాల్లో పాప్లర్ చెట్ల మీద, ఆవ కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క మీద పరిశోధకులు ఒక్కొక్క కణానికి జన్యు గుర్తు పెట్టి, దాని వంశం ఎటు సాగిందో చూశారు. గుర్తు పడిన కణం సంతానం కలప వైపూ, పోషక కణజాలం వైపూ కనిపించింది. వరసకు ఒకే మూలకణం, దానికి రెండు ముఖాలు. సానియో మాట నిలిచింది. సూక్ష్మదర్శిని, కలపముక్కలు తప్ప మరే సాధనం లేని కాలంలో అతను అంత దూరం చూడగలగడాన్ని తలుచుకుంటే గౌరవం కలుగుతుంది.

మరి ఆ కణానికి లోపలేదో, బయటేదో ఎలా తెలుస్తుంది? మొదటి సమాధానం ఆక్సిన్ అనే హార్మోను. చిగుళ్ల నుంచి కిందికి దిగే ఈ పదార్థం కేంబియంలో కణవిభజనను పురిగొల్పుతుందని 1935లో రాబర్ట్ స్నో పొద్దుతిరుగుడు మొక్కల మీద చూపాడు. 1996లో స్వీడన్‌లోని ఊమియో పరిశోధకులు స్కాట్స్ పైన్ కేంబియాన్ని గడ్డకట్టించి, అతిపలుచని ముక్కలుగా కోసి, ముక్కముక్కలో ఆక్సిన్ కొలిచారు. కేంబియం దగ్గర అది శిఖరంలా లేచి రెండు పక్కలా పడిపోతోంది. తానున్న చోట ఆక్సిన్ ఎంతో చూసి కణం తన స్థానం తెలుసుకుంటుందని వాళ్లు ప్రతిపాదించారు. అందమైన ఆలోచనే. కానీ ఆక్సిన్ ఎక్కువున్నందుకు అక్కడ కేంబియం ఉందా, కేంబియం ఉన్నందుకు అక్కడ ఆక్సిన్ చేరిందా అన్నది ఆ కొలత ఒక్కటీ తేల్చలేదు. ఆ ఇబ్బంది చాలా ఏళ్లు అలాగే ఉంది.

రెండో సమాధానం జపాన్, ఇంగ్లండ్ ప్రయోగశాలల నుంచి వచ్చింది. 2006లో హిరో ఫుకుదా బృందం జిన్నియా కణాల నుంచి పన్నెండు అమైనో ఆమ్లాల చిన్న పెప్టైడును పట్టుకుంది. అది ఉన్నచోట కణాలు దారువుగా మారడం ఆగిపోతుంది. మాంచెస్టర్‌లో సైమన్ టర్నర్ బృందం 2007లో పి.ఎక్స్.వై. అనే గ్రాహకాన్ని వర్ణించింది. రెండూ కలిపి చూస్తే కథ కుదిరింది. పోషక కణజాలం పెప్టైడును తయారుచేస్తుంది, అది కొద్ది దూరం నడిచి కేంబియం కణం మీది గ్రాహకానికి తగులుకుంటుంది. విడిపోతూనే ఉండు, కలపగా మారకు అన్నది ఆ సంకేతం. గ్రాహకం చెడిన మొక్కల్లో కలప, పోషక కణజాలం హద్దు తెలియకుండా కలగాపులగం అవుతాయి. బయటి నుంచి వచ్చే ఈ పిలుపే దిక్కు చూపుతోందన్నమాట.

2019లో హెల్సింకీ పరిశోధకులు దానికి లోపలి భాగాన్ని జోడించారు. అరబిడాప్సిస్ వేరులో ఆక్సిన్ శిఖరం పడిన కణం దారువు లక్షణం తెచ్చుకుని విడిపోవడం మానేస్తుంది. అలా ఆగిన ఆ కణమే తన పక్కనున్న కణాన్ని మూలకణంగా నిలబెడుతుంది. ఏ కణానికైనా కృత్రిమంగా ఆక్సిన్ సంకేతాన్ని పెంచితే దాని పక్కన కొత్త కేంబియం మొదలైంది. 1996 నాటి కారణమా, ఫలితమా అన్న ఇబ్బంది ఇక్కడ చాలావరకు తీరిందని నా అంచనా.

ఈ పరిశోధనలో చాలా భాగం కొద్ది వారాల్లో బతుకు ముగించుకునే అరబిడాప్సిస్ మీదే జరిగిందన్న అభ్యంతరం తరచూ వినిపిస్తుంది. అది పూర్తిగా తోసేయదగ్గది కాదు. అయితే మాంచెస్టర్ బృందమే 2015లో పాప్లర్ చెట్లకు ఆ పెప్టైడు జన్యువును, గ్రాహకం జన్యువును అదనంగా ఇచ్చి చూసింది. ఒంటి నిండా పనిచేసేలా ఇస్తే కణజాలం గందరగోళమైంది. పెప్టైడును దాని చోట, గ్రాహకాన్ని దాని చోట మాత్రమే పనిచేయిస్తే చెట్లు మామూలు వాటికంటే లావుగా, ఎత్తుగా పెరిగాయి. అరబిడాప్సిస్ చెప్పిన యంత్రాంగం చెట్టులోనూ ఉందనడానికి ఇంతకంటే బలమైన సాక్ష్యం నాకు కనబడలేదు.

యంత్రాంగం అర్థమైనంత మాత్రాన దాని సమయపట్టిక అర్థం కాదు. పైన్, పాప్లర్ చలిదేశపు చెట్లు. చలికాలంలో కేంబియం నిద్రపోతుంది, వసంతంలో లేస్తుంది, ఏడాదికి ఒక వలయం స్పష్టంగా పడుతుంది. వలయాలు లెక్కపెడితే చెట్టు వయసు తెలుస్తుందన్న పాఠం అక్కడిది. దాన్ని మన మామిడికి, పనసకు అలాగే అన్వయిస్తే పప్పులో కాలేసినట్టే, వాటి వలయాలు అంత నమ్మదగ్గవి కావు. టేకు మాత్రం మనకు దొరికిన మంచి సాక్షి. ఎండల్లో ఆకు రాల్చి, వానలతో మళ్లీ పని మొదలుపెట్టినప్పుడు కంటికి కనిపించేంత వెడల్పైన నాళాలను ఒక వరసగా పేరుస్తుంది. ఆదిలాబాద్ టేకు మొద్దును శుభ్రంగా నునుపు పట్టించి చూడండి, ఏటి హద్దులు గీతల్లా తేలతాయి. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ శాస్త్రజ్ఞులు టేకు వలయాలతో గతకాలపు వానలను అంచనా వేశారు. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో కె.ఎ. చౌధురి, తరవాత అలీగఢ్ విశ్వవిద్యాలయంలో ఎ.కె.ఎం. ఘౌస్ మన చెట్ల కేంబియం ఏ నెలలో లేస్తుందో, ఏ నెలలో పడుకుంటుందో ఓపికగా గమనించారు. ఆ పని విలువను ఎంత చెప్పినా తక్కువే. ఘౌస్ తరం పరిశీలనలను, ఇప్పటి జన్యు పరిజ్ఞానాన్ని కలిపి చూసే పని మన దేశంలో జరగాల్సినంత జరగలేదు.

వలయాల సంగతి వచ్చింది కాబట్టి తిమ్మమ్మ మర్రిమాను ప్రస్తావన తేవాలి. కదిరి దగ్గర అయిదెకరాల మేర పరుచుకున్న ఆ చెట్టు 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. దాని వయసును స్థానిక కథ 1434తో ముడిపెడుతుంది. వలయాలు లెక్కపెట్టి ఆ సంగతి తేల్చడం కుదరదు. పురికొసలా వేలాడే ఊడ నేలను తాకి వేళ్లూనాక దానిలోని కేంబియం జోరందుకుంటుంది, కొన్నేళ్లకు అది స్తంభం అవుతుంది. ఊడ ఊడకీ దాని లెక్క దానిది.

ఇంకొన్ని చెట్లకు ఒక్క కేంబియం చాలదు. కోరింగ మడ అడవిలోని అవిసెన్నియా జాతి మడచెట్లు ఒక కేంబియం బయట ఇంకొకటి, దాని బయట మరొకటి పుట్టించుకుంటాయి. వాటి కలపలో పోషక కణజాలపు పట్టీలు మధ్యమధ్య చిక్కుకుని ఉంటాయి. అక్కడి వలయాలు ఏళ్లను చెప్పవు. అదే ఏర్పాటును చూడటానికి మడ అడవిదాకా వెళ్లనక్కరలేదు, బీట్‌రూట్ దుంపను అడ్డంగా కోస్తే చాలు, చక్రాలు చక్రాలుగా కనిపించేవి వరసగా పుట్టిన కేంబియాల పనితనమే.

తాటి, కొబ్బరి, ఈత వేరే దారి ఎంచుకున్నాయి. ఇవి ఏకదళబీజాలు. మొవ్వు దగ్గరే తమకు కావలసిన లావును ముందు సంపాదించుకుని, తరవాత పైకి లేస్తాయి. వడ్రంగికి ఇది చేతి అనుభవం. టేకు దుంగలో నడుమ చేవ గట్టి, బయటి తెలుపు మెత్తన. తాటి దూలంలో బయటి పెచ్చు ఇనుములా ఉంటుంది, లోపల పీచు. ఒకటి లోపల పాతది పేర్చుకుంటూ బయటికి పెరిగింది, రెండోది పీచుకట్టలను అంచు వైపు దట్టంగా నిలుపుకుంది. ఇంకో సంగతి: తాటి అడుగునున్న బతికున్న కణాలకు ఆ చెట్టు వయసెంతో ఆ కణాల వయసూ దాదాపు అంతే. కొత్తవి పుట్టించే పొర లేదు గనక ఉన్నవే బతికి తీరాలి.

కేంబియం లేనివాటికి అంటు కట్టలేమన్న మాటను ఎన్నో ఏళ్లు శాస్త్రసత్యంగా చెప్పుకున్నాం. మామిడి అంటులో కొమ్మ కేంబియం, మొక్క కేంబియం ఒకదానికొకటి ఆనుకుంటేనే అతుకు పట్టేది కాబట్టి ఆ మాట సహజంగానే తోస్తుంది. కడియం నర్సరీల్లో సమానమైన లావున్న పుల్లలు ఏరి, కనీసం ఒక అంచునైనా కలిపి కట్టడం వెనక ఉన్నది ఇదే. 2022లో కేంబ్రిడ్జి పరిశోధకులు ఏకదళబీజాలకు కూడా గింజ దశలోనే, పిండంలో వేరూ కాండమూ కలిసే చోట అంటు కట్టి చూపించారు. గోధుమ, అరటి, ఖర్జూరం కూడా కుదిరాయి. అతుకు పట్టడానికి కేంబియమే అవసరమన్న పాత వివరణను ఇక సవరించుకోవాలి. చీలి మళ్లీ కుదురుకోగల లేతకణాలు ఏ రూపంలో ఉన్నా చాలునని నాకు అనిపిస్తోంది.

బెరడు వైపు పని గురించి క్లుప్తంగా. మాను ఉబ్బే కొద్దీ పై చర్మం చిరుగుతుంది కాబట్టి వెలుపల మరో విభాజ్య పొర బెండును తయారుచేస్తుంది. రాబర్ట్ హుక్ 1665లో బెండుముక్కలో చూసి కణం అని పేరు పెట్టినవి ఆ పొర వదిలిన ఖాళీ గదులే. నల్లమద్ది మొసలి చర్మంలా పగలడం, జామ నున్నగా పొరలు రాల్చడం ఆ పొర ఎక్కడ, ఎలా పుట్టిందన్నదాన్ని బట్టి ఉంటుంది. కేంబియం బయటికి ఇచ్చిన పోషక కణజాలంలోని నార కూడా మనకు పనికొచ్చింది. ఉత్తరాంధ్ర గోగునార అదే.

లోపలికి ఇచ్చిన కలప ఎన్ని రకాలో చూడండి. కొండపల్లి బొమ్మకు తేలికైన పొనికి, ఏటికొప్పాక లక్కబొమ్మకు సన్నని అంకుడు, బొబ్బిలి వీణకు పనస. పొర ఒకటే జాతిది, కణం గోడ మందం, నాళం వెడల్పు, గుజ్జుకణాల పాలు మారేసరికి ఒకటి ఉలికి లొంగింది, ఇంకొకటి నాదాన్ని మోసింది. గాలికి ఊగనిచ్చిన మొక్క కట్టేసిన దానికంటే లావెక్కుతుందని 1803లోనే థామస్ నైట్ ప్రయోగం చేసి చెప్పాడు. మాను పొందే ప్రతి ఒత్తిడినీ కేంబియం కలపగా రాసుకుంటుంది.

భూమ్మీది జీవరాశి మొత్తంలో సుమారు 55,000 కోట్ల టన్నుల కార్బన్ ఉంటే, అందులో 45,000 కోట్లు మొక్కలదేనని 2018లో వచ్చిన ఒక లెక్క. అందులో పెద్ద వాటా కలపది. ఇంత సంపద పుట్టించిన పొర మొదట ఎత్తు కోసం పుట్టలేదనడానికి ఆధారం ఉంది. 2011లో ఫిలిప్ జెరియెన్ బృందం వర్ణించిన 40 కోట్ల ఏళ్ల నాటి శిలాజ కాండాలు కొద్ది మిల్లీమీటర్ల మందం ఉన్నవి. వాటిలో అప్పటికే కలప ఉంది. అంత చిన్న మొక్కకు నిలబడటానికి కలపతో పనిలేదు, నీళ్లు మోయడానికే అది పుట్టి ఉంటుందని వారి వాదన. నాకది సబబుగా తోస్తుంది. బొగ్గు చిత్తడి అడవుల కాలంలోని లెపిడోడెండ్రాన్ వంటి చెట్ల కేంబియం లోపలికి కలప మాత్రమే ఇచ్చేది, బయటికి ఏమీ ఇచ్చేది కాదు. అవి ఇప్పుడు లేవు. సింగరేణి బొగ్గుకు మూలమైన గ్లాసోప్టెరిస్ చెట్లది మన వేపకు ఉన్నట్టే రెండు ముఖాల కేంబియం.

ఇక చేవ. కేంబియం ఇచ్చిన కలపలో కొన్ని కణాలు కొన్నేళ్లు బతికే ఉంటాయి. ఏదో ఒకనాడు అవి చనిపోతూ చనిపోతూ రంగులు, జిగుర్లు, చెదను తరిమే పదార్థాలు తయారుచేసి చుట్టుపక్కల నింపి పోతాయి. అదే చేవదేరడం. శేషాచలం కొండల ఎర్రచందనం విలువంతా ఆ ఎర్రని చేవలోనే ఉంది. ఆ రంగు శాంటలిన్ వర్ణకాలది. బయటి తెల్ల కలపకు అంత గిరాకీ లేదు. ఒకే నేలలో, ఒకే ఏడు నాటిన రెండు చెట్లలో ఒకదానికి చేవ నిండుగా ఉంటుంది, రెండోదానికి సన్నగా ఉంటుంది. కణానికి ఎప్పుడు చావమని, ఏ రంగు నింపి చావమని చెబుతున్నదెవరో తేలాలి. నాటిన రైతు పాతికేళ్లు ఎదురుచూసి మాను నరికితే గానీ లోపల ఏముందో తెలియని స్థితి నన్ను బాధిస్తుంది.

నరకకుండా చూసే సాధనం ఒకటుంది. బోలు బర్మాను మానులోకి తిప్పి, పెన్సిలు కంటే సన్నని కడ్డీని బయటికి లాగుతారు. బెరడు, తెల్ల కలప, ఎక్కడ మొదలైతే అక్కడి నుంచి ఎర్రని చేవ ఆ కడ్డీ మీద వరసగా కనిపిస్తాయి. ఆ రంధ్రం చుట్టూ కేంబియం మరుసటి వానాకాలానికి పెదవి లేపుతుంది. కొన్నేళ్లలో అక్కడ చిన్న బొడిపె తప్ప ఇంకేమీ మిగలదు.